నాలుగు హద్దులూ చదివాకే సంతకం

తెనాలిలో మా ఇంటి వరండాలో ఆదివారం పొద్దున ఏడింటికల్లా ఇద్దరో ముగ్గురో కూర్చుని ఉంటారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతల దగ్గర చిరుగు పట్టిన కాగితాలు. "ఒక్కసారి చూసి చెప్పండమ్మా, ఇది చెల్లుతుందా?" అంటూ ముందుకు చాపుతారు. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడి కోర్టుల్లో ప్లీడరుగా ఉన్నాను. ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. సంతకం పెట్టకముందు వచ్చి అడిగినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలను.

మా నాన్న దస్తావేజు లేఖరి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట చిన్న గదిలో, కింద పరిచిన చాప మీద రాతబల్ల ముందు ముప్పై అయిదేళ్లు కూర్చున్నాడు. దస్తావేజు రాయడం పూర్తయ్యాక ఇరు పక్షాలనూ దగ్గరికి పిలిచి, నాలుగు హద్దులూ గట్టిగా చదివేవాడు. తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఏ కాలువ, పడమట ఏ డొంక, ఉత్తరాన ఎవరి మెరక. "ఇది మీరు చూసిన పొలమేనా? మీరు అమ్ముతున్న పొలమేనా?" అని ఇద్దరినీ వేరువేరుగా అడిగేవాడు. ఇద్దరూ అవునన్నాకే కలం చేతికిచ్చేవాడు. నేను వరండాలో చెప్పేదంతా ఆ అలవాటు నుంచి వచ్చిందే.

బాండు పేపరు మీద పొలం

"పెద్దమనుషుల సంతకాలున్నాయి, డబ్బంతా ఇచ్చేశాం, పన్నెండేళ్లుగా మేమే దున్నుకుంటున్నాం. ఇక రిజిస్ట్రేషన్ ఎందుకు?" అని అడుగుతారు.

వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తిని అమ్మితే రిజిస్టరు చేయించాల్సిందేనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. ఈ రోజుల్లో వంద రూపాయలకు గజం నేల కూడా రాదు కాబట్టి, ప్రతి అమ్మకానికీ ఇది వర్తిస్తుందనే అనుకోండి. రాసుకున్న దస్తావేజును నాలుగు నెలల్లోగా రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి. బాండు పేపరు మీద రాసుకున్న అగ్రిమెంటు "అమ్ముతాను" అన్న మాటకు సాక్ష్యం మాత్రమే. దానివల్ల హక్కు చేతులు మారదు. అవతలివాడు రిజిస్టరు చేయనని మొండికేస్తే కోర్టుకు వెళ్లొచ్చు. అందుకూ గడువుంది. అగ్రిమెంటులో రాసిన తేదీ నుంచి, తేదీ రాయకపోతే అతను కాదన్న సంగతి తెలిసినప్పటి నుంచి మూడేళ్లు. ఆ మూడేళ్లూ "ఇవాళ రేపు" అంటూ గడిపేసి, నాలుగో ఏడు నా దగ్గరికి వచ్చినవాళ్ల ముఖాలు నాకు గుర్తున్నాయి.

జీపీఏ మీద ప్లాటు కొన్నామని చెప్పేవాళ్లు ఇంకొందరు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అంటే మీ తరఫున పని చేయమని ఒకరికి అధికారం ఇవ్వడం. అది అమ్మకం కాదు. సేల్ అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా మూడూ కలిపి చేతిలో పెట్టినా యాజమాన్యం మారదని 2011లో సుప్రీంకోర్టు సూరజ్ లాంప్ కేసులో తేల్చి చెప్పింది.

తెలంగాణ నుంచి బంధువులు ఫోను చేస్తే సాదా బైనామా గురించి అడుగుతారు. తెల్లకాగితం మీద రాసుకున్న ఆ కొనుగోళ్లకు 2025 నాటి భూభారతి చట్టం దారి చూపింది. అయితే 2020లో తెరిచిన గడువులో దరఖాస్తు పెట్టుకున్నవారికే ఆ దారి. ఇవాళ కొత్తగా తెల్లకాగితం మీద కొనేవారికి ఆ ఆశ లేదు.

ఇక ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. "ఈసీ తీశామమ్మా, అంతా క్లీన్‌గా ఉంది" అంటూ ధీమాగా వస్తారు. ఈసీ తీయడం మంచిదే. 1983 నుంచి జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. కానీ ఈసీ రిజిస్టరైన వాటినే చూపుతుంది. నోటిమాట పంపకాలు, బీరువాలో దాచిన వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనబడకపోవచ్చు. దావా నడుస్తున్న ఆస్తిని కొంటే, చివరికి వచ్చే తీర్పు కొన్నవారినీ కట్టేస్తుంది. కాబట్టి ఈసీతో ఆగకండి. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి పాత దస్తావేజులు, కనీసం ముప్పై ఏళ్లవి అడగండి. అడంగల్, 1బీ అనే రెవెన్యూ రికార్డులు సరిచూడండి. రిజిస్ట్రేషన్లు ఆపే 22ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో వెతకండి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే, దాని అమ్మకాన్ని నిషేధించే 1977 నాటి చట్టం ఉండగా తొందరపడి బయానా ఇవ్వకండి. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సడలింపులు ఆ భూమికి వర్తిస్తాయో లేదో కాగితం చూసి తేల్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒకరోజు పొద్దున పొలం గట్టు మీదికి వెళ్లి పక్క రైతుని అడగండి. "ఈ చేను ఎవరు చేస్తున్నారు? ఏమైనా తగువుందా?" అని. ఏ రికార్డులోనూ లేని నిజం అక్కడ అయిదు నిమిషాల్లో బయటపడుతుంది.

మా అత్త అర ఎకరం

ఈ ముక్క రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. మా అత్త బతికుండగా అనుమతిచ్చింది కాబట్టి రాస్తున్నాను.

1978లో ఆమె పెళ్లప్పుడు తాతయ్య పసుపు కుంకుమ కింద అర ఎకరం ఇస్తానన్నాడు. అందరి ముందే అన్నాడు. కాగితం రాయలేదు. ఆ చేను మా పెదనాన్నే సాగు చేసేవాడు. ఏటా సంక్రాంతికి బస్తాలు పంపేవాడు, ఒక్క ఏడూ తప్పలేదు. 2001లో తాతయ్య, కొడుకులిద్దరూ ఆస్తి పంచుకుని పంపకాల దస్తావేజు రిజిస్టరు చేయించారు. రాసింది మా నాన్నే. అత్త అర ఎకరం సంగతి అందులో ఒక పంక్తి రాద్దామని కలం ఎత్తితే, "మన ఇంట్లో మాటకి కాగితమెందుకురా, నేను లేనా?" అన్నాడట పెదనాన్న. నాన్న కలం దించేశాడు. ఆ అర ఎకరం పెదనాన్న వాటాలో కలిసిపోయింది.

పెదనాన్న మాట తప్పలేదు. ఆయన పోయాక ఆయన కొడుకులు తప్పారు. 2012లో అత్త ఆ దస్తావేజు నకలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "అమ్మాయ్, నువ్వు ప్లీడరువి కదా, చూడు" అంది. చూశాను. నాన్న దస్తూరి. నాలుగు హద్దులూ ముత్యాల్లా ఉన్నాయి. అత్త పేరు ఎక్కడా లేదు.

ఆడపిల్లల హక్కు గురించి చట్టం ఏం చెబుతుందో ఇక్కడ చెప్పాలి. హిందూ కుటుంబంలో పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో వాటా ఉందని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో అందరికంటే ముందు చట్టం చేసింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే ఆనాటికి పెళ్లికాని ఆడపిల్లలకే వర్తించింది. దేశమంతటికీ వర్తించే సవరణ 2005 సెప్టెంబరు 9న వచ్చింది. పెళ్లయినా కాకపోయినా కూతురికి వాటా ఉంది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ ఒక మినహాయింపు ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డ్ దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను తిరగదోడడానికి లేదు.

మా అత్తకు 1978లో పెళ్లయింది, కాబట్టి మొదటి చట్టం అందలేదు. 2001లో పంపకం రిజిస్టరైంది, కాబట్టి రెండోదీ అందలేదు. "చట్టం నిన్ను రెండుసార్లు దాటిపోయింది అత్తా" అని చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు.

తండ్రి స్వార్జితం సంగతి వేరు. తాను సంపాదించినది ఆయన ఎవరికైనా రాసివ్వొచ్చు. రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమాన వాటాలు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు కాగితమూ అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి. అయినా రిజిస్టరు చేయించమనే చెబుతాను. రేపు "ఇది మా నాన్న సంతకం కాదు" అన్న మాట వస్తే జవాబు చెప్పడం తేలిక. పెద్దవాళ్లకు ఇంకో మాట. పిల్లలకు ఇల్లు దానపత్రం రాసిస్తుంటే, "మమ్మల్ని పోషించే షరతు మీద" అన్న వాక్యం అందులో రాయించండి. 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం ప్రకారం ఆ షరతు తప్పితే దానపత్రాన్ని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. ఆ వాక్యం లేక తిప్పలు పడుతున్న తల్లులు నా వరండాకు వస్తూనే ఉన్నారు.

టు లెట్ బోర్డు వెనక

అద్దె తగాదాల్లో ఇరువైపులా భయమే కనిపిస్తుంది. ఓనరుకు భయం, పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందని. అద్దెకున్నవాళ్లకు భయం, ఏ పొద్దు సామాను బయట పడేస్తారోనని.

ముందు ఓనర్లకు. అద్దెకు దిగినవారు ఎన్నేళ్లున్నా అద్దెదారులే. మీరు ఓనరని ఒప్పుకుని అద్దె కట్టినవారు, ఆ ఇంట్లో ఉంటూ మీ హక్కునే కాదనలేరు. పన్నెండేళ్ల మాట, ఓనరు హక్కును కాదని బాహాటంగా ఆక్రమించినవారి విషయంలోనిది. అందుకే అగ్రిమెంటు రాసుకోండి, అద్దె ఫోన్‌పే ద్వారానో బ్యాంకు ద్వారానో తీసుకోండి. ప్రతి నెలా పడే ఆ మెసేజే మీ సాక్ష్యం.

పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. కేంద్ర చట్టం ప్రకారం ఏడాది మించిన లీజును రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించి రాసుకుంటారు, ఆంధ్రప్రదేశ్ సవరణ ప్రకారం మాత్రం ఏ లీజునైనా రిజిస్టరు చేయించాల్సిందే. అంతే తప్ప పదకొండు నెలలకు ఖాళీ చేయించే మంత్రమేమీ అందులో లేదు.

ఇప్పుడు అద్దెకున్నవారికి. ఇల్లు ఖాళీ చేయమంటే నోటీసు ఇవ్వాలి. నెలవారీ అద్దెకు వేరే ఒప్పందం లేకపోతే ఆస్తి బదిలీ చట్టం చెప్పే గడువు పదిహేను రోజులు. గడువు అయిపోయాక కూడా కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. తాళం వేయడం, కరెంటు పీకేయడం, నీళ్లు ఆపడం ఎవరికీ హక్కు కాదు. మూడేళ్ల కిందట ఒక టీచరమ్మ రెండు నెలల అద్దె బాకీ పడింది. సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి తలుపుకు కొత్త తాళం వేలాడుతోంది. పిల్లాడి పుస్తకాలు, మందులు అన్నీ లోపలే. బాకీ నిజమే. అయినా తాళం తప్పే. చట్టప్రకారం కాకుండా బయటికి నెట్టినవారు ఆరు నెలల్లోగా దావా వేస్తే, బాకీ గొడవతో సంబంధం లేకుండా ముందు ఇల్లు అప్పగించమని కోర్టు చెప్పగలదు. ఆ మాట వివరిస్తూ లాయరు నోటీసు పంపితే నాలుగో రోజు తాళం తీశారు. బాకీ ఆమె రెండు విడతల్లో కట్టేసింది.

అడ్వాన్సు దగ్గర మనస్పర్థలు ఎక్కువ. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం, నివాసపు ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోవద్దంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం స్వీకరించి చట్టం చేస్తేనే అమలవుతుంది. ఎలా ఉన్నా మీకు మొదటి రక్ష మీ అగ్రిమెంటే. అద్దె ఎంత, ఏటా ఎంత పెంపు, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎవరిది, మోటారు చెడితే ఎవరు బాగు చేయించాలి, ఇవన్నీ రాసుకోండి. దిగిన రోజే గోడలు, కుళాయిలు, కరెంటు మీటరు రీడింగు ఫోనులో ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. పగలగొట్టిన గాజుకు బాధ్యుడే. ఏది ఏమిటో ఆ ఫొటోలే చెబుతాయి.

రోడ్డు మీద జరిగినప్పుడు

మా తమ్ముడు 2016లో పాత మోటార్‌సైకిలు అమ్మాడు. ఫారాల మీద సంతకాలు పెట్టి, ఆర్‌సీ చేతికిచ్చి, డబ్బు తీసుకున్నాడు. కొన్నవాడు పేరు మార్పించుకోలేదు. బండి ఇంకో చేతికి మారింది, ఇన్సూరెన్సు అయిపోయింది. మరుసటేడు ఆ బండి ఒక కూరగాయలాయన్ను గుద్దింది. ప్రమాద పరిహారాల ట్రిబ్యునల్ నోటీసు మా తమ్ముడి పేరున వచ్చింది. "నేనెప్పుడో అమ్మేశాను కదా" అన్నాడు. రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూడు లక్షల ఇరవై వేలు తమ్ముడే కట్టాడు. అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో, కొన్నవారు ముప్పై రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని చట్టం చెబుతోంది. బండి అమ్మితే, ఆర్‌సీలో పేరు మారినట్టు కళ్లారా చూసుకునేదాకా ఆ బండి మీదేనని గుర్తుంచుకోండి.

పిల్లలకు బండి ఇచ్చే తల్లిదండ్రులు ఇది వినాలి. మైనరు నడుపుతూ ప్రమాదం చేస్తే, 2019 సవరణ ప్రకారం తండ్రికో ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, ఇరవై అయిదు వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

పెళ్లికి ట్రాక్టరు ట్రక్కులో జనాన్ని ఎక్కించడం మన ఊళ్లలో మామూలే. సరుకుల బండిలో ఊరికే ఎక్కినవారికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002 చివర్లో ఆశారాణి కేసులో చెప్పింది. అంటే ఆ పరిహారం భారం ట్రాక్టరు రైతు మీద పడుతుంది. నాలుగు కుటుంబాలు గాయాలతో, అయిదో కుటుంబం అప్పుతో కూలిపోతాయి.

మనిషి పోయిన ఇంటికి, స్టేషను ముందు చెట్టు కింద జరిగే "రాజీ" మరో దెబ్బ. యాభై వేలో లక్షో చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం తీసుకుంటారు. అసలు పరిహారం ఎలా లెక్కిస్తారో తెలిస్తే ఆ సంతకం ఎవరూ పెట్టరు. ముప్పై ఎనిమిదేళ్ల తాపీ మేస్త్రీ, నెల సంపాదన 15,000 అనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ, 2017లో ప్రణయ్ సేథీ కేసుల్లో పెట్టిన లెక్క ఇలా సాగుతుంది. నలభై ఏళ్లలోపు సొంత పని చేసుకునేవారికి రాబోయే రోజుల సంపాదన కింద 40 శాతం కలపాలి, అది 21,000. ఆధారపడినవారు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేయాలి, 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు గుణకం 15. మొత్తం 28,35,000. అంత్యక్రియల ఖర్చు, అయినవారిని పోగొట్టుకున్నందుకు ఇచ్చే మొత్తాలు దీనికి అదనం. సంపాదన రుజువు చేయడంలో, తప్పు ఎవరిదని తేలడంలో ఇది తగ్గొచ్చు. అయినా యాభై వేలకూ దీనికీ ఎంత దూరమో చూడండి. ఇల్లు చూసుకునే ఆడమనిషి పోయినా, ఆమె చాకిరీకి విలువ కట్టి పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది.

ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం లేదా గాయాల రిపోర్టు, ఆసుపత్రి బిల్లులు, బండి నంబరు, ఇన్సూరెన్సు వివరాలు, సంపాదనకు ఏదైనా ఆధారం. ఇవి దాచుకోండి. మీరు ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనే పిటిషన్ వేయొచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. దాని మీద వాదాలు నడుస్తున్నా వాటిని నమ్ముకుని ఆలస్యం చేయొద్దు. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా దారి ఉంది. చనిపోతే రెండు లక్షలు, తీవ్ర గాయమైతే యాభై వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి, రెవెన్యూ డివిజన్ అధికారులకు దరఖాస్తు పెట్టాలి. దారిలో పడి ఉన్నవారిని ఆసుపత్రికి చేర్చినవారిని కేసుల్లో ఇరికించకూడదని కూడా చట్టంలో ఉంది. భయపడకుండా ఆపి, ఎత్తుకెళ్లండి.

ఫీజు లేనివారికి

"ప్లీడరును పెట్టుకునే తాహతు లేదమ్మా" అని ఆగిపోవద్దు. ఆడవారికి, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, 15100కు ఫోను చేసినా పలుకుతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, అప్పీలు ఉండదు. కాబట్టి అక్కడా చదివాకే సంతకం పెట్టండి.

అత్తకు నేను చెప్పలేక చెప్పిన మాట నాన్న పక్క గదిలోంచి విన్నాడు. వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆ తర్వాత నన్నూ తమ్ముణ్నీ కూర్చోబెట్టి, తన వాటాలోంచి అర ఎకరం చెల్లెలికి ఇస్తానన్నాడు. మా ఇద్దరి సమ్మతి కూడా రాయించి దానపత్రం తయారుచేశాడు. అప్పటికి చేతులు వణుకుతున్నా ఎవరినీ రాయనివ్వలేదు, డీటీపీకి కూడా తన చేతిరాత ప్రతినే పంపాడు.

రిజిస్ట్రేషన్ రోజున అత్తను ఎదురుగా కూర్చోబెట్టి హద్దులు చదివాడు. దక్షిణం పంటకాలువ, పడమర డొంక, ఉత్తరం మా చేనే. తూర్పు దగ్గర ఆగిపోయాడు. తూర్పున ఉన్నది పెదనాన్న కొడుకుల చేను, 1978లో అత్తకు ఇస్తానన్న ఆ అర ఎకరమే. కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ పేర్లు కూడా గట్టిగా చదివాడు. "ఇది నీ పొలమేనా అమ్మా?" అని అడిగాడు.

"నాదే అన్నయ్యా" అంది అత్త. అప్పుడు కలం ఆమె చేతికిచ్చాడు.